సారాంశం ప్రకారం

నవల చివరి భాగం గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పూర్తి కావాలి. ఒంటిగంటకు మా ఆయన ఓంకార్ అన్నానికి ఇంటికొస్తాడు. తిన్నాక కంపెనీ వ్యాను తీసుకుని సిటీలోకి వెళ్తూ నా కాగితాలు వారపత్రిక ఆఫీసులో ఇచ్చేస్తాడు. ఆ రోజు దాటితే తమ వల్ల కాదని ఎడిటర్ రామబ్రహ్మం గారు ముందే చెప్పారు. ఎస్టీడీ బూత్‌లో పిల్లవాణ్ణి చంకనెత్తుకుని, పిల్ల కొంగు లాగుతుంటే ఆ మాట విన్నాను.

"మీకు కుదరకపోతే చెప్పండమ్మా, మొహమాటపడకండి. మీరిచ్చిన సారాంశం మా దగ్గరుందిగా, మేమే ముగించేస్తాం" అన్నారాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. పన్నెండు వారాలుగా నా పేరుతో వస్తున్న కథ. గిన్నెలు తోముతూ, ఉయ్యాల ఊపుతూ, కిరోసిన్ క్యూలో నిలబడి రాసిన కథ. దాని ముగింపు ఎవరో రాసేస్తారట. "కుదురుతుందండి, తప్పకుండా పంపిస్తాను" అని ఫోను పెట్టేశాను. అప్పటికి ఒక్క అక్షరం రాసి ఉంటే ఒట్టు.

సీరియల్ వేసుకునే ముందు పత్రికవాళ్లు కథ మొత్తం రెండు పేజీల్లో రాసిమ్మంటారు. దాన్నే సారాంశం అంటారు. బొమ్మలు వేసే ఆయన దాన్ని చూసుకుని వారాల ముందే బొమ్మలు వేసేస్తాడు. నేనూ రాసిచ్చాను, ఎంతో గొప్పగా. మాదాపూర్‌లో మా కిరాయి గదికి ఎదురుగా ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసు కడుతున్నారు. అక్కడ ఇటుకలు మోసే ఒకామె ఏడాదిన్నర కొడుకును పాత చీరముక్కతో వేపచెట్టుకు కట్టేసి పనిలోకి పోవడం నా కళ్లతో చూశాను. ఇదేం తల్లి అని కడుపు రగిలిపోయింది. ఆ కోపంతోనే నవల మొదలుపెట్టాను. చివర్లో ఆ చీరముక్కే మెడకు చుట్టుకుని పిల్లవాడు చనిపోతాడని, ఊరంతా తల్లిని వేలెత్తి చూపుతుందని సారాంశంలో రాశాను. రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది. పాఠకులూ నాలాంటివాళ్లే. అలాంటి ఆడదానికి తగిన శాస్తి జరిపించమని గుంటూరు నుంచి ఒకావిడ మూడు ఉత్తరాలు రాసింది.

ఇటుకలు మోసే ఆమె పేరు సాయమ్మ. పాలమూరు వైపు మనిషి. తాగే నీళ్లకు రోజూ మా గుమ్మం పక్కనున్న నల్లా దగ్గరికి వస్తుంది. నేనేదో రాస్తుంటానని ఆమెకు తెలుసు, తన మీదే పన్నెండు వారాలుగా కథ వస్తోందని తెలియదు. చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

గురువారం పొద్దున ఓంకార్ అటు వెళ్లగానే ఇల్లు సర్దకుండా, తల దువ్వుకోకుండా కాగితాలు ముందేసుకున్నాను. నాలుగేళ్ల పింకీకి పలక ఇచ్చాను. చిన్నవాడు అనిల్‌కు గరిటె, గిన్నె ఇచ్చాను. మొదటి వాక్యం సగంలో ఉండగా వాడు సిరాబుడ్డి తన్నాడు. అది తుడిచి కూర్చుంటే పింకీకి పలక మీద ఏనుగు కావాలి. ఏనుగు గీశాను. దానికి పిల్ల కావాలంది. ఎదురుగా బండలు పేల్చినప్పుడల్లా కిటికీ అదిరి వీడు గుక్కపట్టి ఏడుస్తాడు. పాలు పట్టాను, జోకొట్టాను, బతిమాలాను, చివరికి ఒకటి వేశాను కూడా. పదిన్నరయింది. కాగితం మీద ఆరు వరుసలున్నాయి, అందులో నాలుగు కొట్టివేతలే.

ఇక ఏమయితే అయిందని చెవులు మూసుకుని రాయసాగాను. ఇల్లంతా హాయిగా నిశ్శబ్దంగా ఉంది. ఎంతసేపు రాశానో తెలియదు.

"అమ్మా, తమ్ముడు గుంతకాడికి పోయిండు" అంది పింకీ వాకిట్లోంచి.

మా ఇంటి పక్కనే పునాదికి తీసిన గుంత ఉంది. అందులో నడుము లోతు వాననీళ్లు. నేనెలా పరుగెత్తానో నాకు తెలియదు. వాడు అంచున కూర్చుని, మట్టిబెడ్డలు నీళ్లలో పడేస్తూ నవ్వుతున్నాడు. నన్ను చూసి ఇంకాస్త ముందుకు జరిగాడు. రెక్క పట్టుకుని లాగి గుండెకు హత్తుకున్నాను. పింకీ నా ముఖం చూసి ఏడుపు మొదలుపెట్టింది.

ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మంచి తల్లయితే కాగితాలు పొయ్యిలో పెట్టి పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేది. నేను ఇంట్లోకి రాగానే గడియారం చూశాను. పదకొండున్నర. మా గది తలుపుకు గడియ ఊడి నెలయింది. చుట్టుపక్కల అందరూ పనుల్లోకి పోయేవాళ్లే, పిలిస్తే పలికే మనిషి లేదు. ట్రంకుపెట్టెలోంచి నా పాత వాయిల్ చీర తీసి నిలువుగా చించాను. ఒక కొస అనిల్ నడుముకు చుట్టి ముడేశాను, రెండోది మంచంకోడుకు కట్టాను. వాడు రెండడుగులు వేసి, ఆగిపోయి, వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"అక్కా, జరన్ని నీళ్లు పట్కుంట" అంటూ సాయమ్మ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది.

నా ప్రాణం చచ్చిపోయింది. పిల్లవాడికి అడ్డంగా నిలబడబోయాను. ఆమె అప్పటికే చూసేసింది. బిందె కింద పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. ఏమంటుందోనని తలొంచుకున్నాను. ఆమె వాడి ముందు గొంతుక్కూర్చుని నా ముడి విప్పడం మొదలుపెట్టింది.

"నడుముకు కట్టొద్దక్కా. కూసుంటె లేస్తె పైకి జారుతది, మెడకాడికొస్తది. ఇగో, రెండు సంకల కిందికెల్లి తీసి ఎనక ముడెయ్యాలె. వానికి అందదు, జారదు."

ముడేసి, లాగి చూసి, గుడ్డను ఇంకో మూర తగ్గించింది. "గడప దాకా పోకుంట ఉండాలె. పోరనికి ఏమన్న తినతందుకు పెట్టు, ఊకె ఉంటడు" అంది.

"నీ కొడుక్కి ఇట్లనే కడతవా సాయమ్మా?" అన్నాను.

"మరేం జేద్దు. పోయిన యాడాది గచ్చిబౌలిల పని జేసేటప్పుడు ఒకామె పోరడు ఇసుక లారీ కింద పడ్డడు. అప్పటిసంది కడుతున్న." బిందె నింపుకుని వెళ్లిపోయింది.

గంటన్నర ఉంది నా చేతిలో. మరమరాలు తింటూ అనిల్ కూర్చున్నాడు. నేను కలం పట్టుకున్నాను. పిల్లవాడి చావు రాయడానికి చేయి రాలేదు. ఒక్క అక్షరం రాలేదు. నేను వేసిన ముడే వాడి మెడ దాకా పాకేది, సాయమ్మది కాదు. ఏమీ తెలియకుండా ఆమెను హంతకురాల్ని చేయబోయాను. ఉన్న కాగితాలన్నీ చింపి కొత్తగా మొదలుపెట్టాను. పొద్దుగూకుతుంది, ఆమె సిమెంటు చేతులు కడుక్కుని చెట్టు దగ్గరికొస్తుంది, ముడి విప్పుతుంది, పిల్లవాడికి పాలిస్తుంది. అంతే. ఇంకేమీ జరగదు. తొమ్మిది పేజీలు ఆగకుండా వచ్చాయి. రాస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. ఓంకార్ వచ్చేసరికి అన్నం వండలేదు, పిల్లవాడు మంచానికి కట్టేసి ఉన్నాడు. ఆయన నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు. వాణ్ణి విప్పి భుజాన వేసుకున్నాడు, కాగితాలు చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మూడో వారం పత్రిక వచ్చింది. చివరి భాగం తెరిచాను. పేజీ నిండా బొమ్మ. వేపచెట్టు, మెడ వాల్చేసిన పిల్లవాడు, జుట్టు విరబోసుకుని నేలమీద పడి ఏడుస్తున్న తల్లి. కింద నా పేరు. లోపల నావి మొదటి రెండు పేరాలు ఉన్నాయి, మిగతాదంతా ఎవరో రాశారు. పిల్లలిద్దర్నీ ఈడ్చుకుంటూ బూత్‌కు పరుగెత్తాను.

"బొమ్మ అప్పటికే వేయించేశామండి. మీరేమో చివర్లో ఏమీ జరగకుండా రాశారు" అన్నారు రామబ్రహ్మం గారు. "మేం సొంతంగా కల్పించిందేమీ లేదమ్మా. మీ సారాంశం ప్రకారమే ముగించాం. ఉత్తరాలు తెగ వస్తాయి, చూద్దురుగాని."

ఏమని దెబ్బలాడను. ఆ పిల్లవాణ్ణి చంపింది నా చేతిరాతే.

ఇంటికొచ్చేసరికి సాయమ్మ నల్లా దగ్గర ఉంది. పత్రిక మంచం మీద తెరిచే ఉండిపోయింది. ఆమె బిందె నల్లా కింద పెట్టి, గుమ్మంలోంచి తొంగి చూసి ఆగింది. "గీ బొమ్మల చెట్టు మాదే ఉన్నట్టుంది. నువ్వేనా అక్కా రాసింది? ఏం రాసినవ్?"

"సాయంత్రం తల్లి వచ్చి పిల్లగాణ్ణి విప్పి పాలిస్తది" అన్నాను, పత్రిక వంక చూడకుండా.

"గంతేనా?" అని నవ్వింది. "గా కాయితం నాకియ్యరాదా. మా బిడ్డ భాగ్య నాలుగు సదువుతుంది. గుడిసెల సదివించుకుంట."

ఆమె లోపలికొచ్చి పేజీ చింపుకోవడానికి చేయి చాచింది. ఇవ్వలేను, వద్దనలేను. "వద్దు సాయమ్మా. అబద్ధం చెప్పిన. అందులో పిల్లగాడు చచ్చిపోతడు. కట్టేసిందని అందరూ తల్లిని తిడతరు" అన్నాను.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. బొమ్మను చాలాసేపు చూసింది.

"కట్టకుంటె ఏం జెయ్యాలనో అండ్ల రాసిన్రా?"

"లేదు."

తలూపి, బిందె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పది గంటలకు ఖాళీ బిందెతో మా వాకిలి దాటి పక్క వీధి నల్లా వైపు పోతుంటే పరుగున గుమ్మంలోకి వచ్చి పిలిచాను. నీళ్లు వస్తున్నాయి రమ్మన్నాను. ఆమె ఆగింది. ముఖంలో కోపం లేదు.

"ఏం లేదక్కా" అంది. "ఊకె ఒచ్చి పరేషాన్ జేస్తున్న. నువ్వు రాస్కో."