గౌరవ బహువచనం

“కళ్ళజోడు మళ్ళీ జారిపోతోంది మేడం. ఆ స్క్రూ కాస్త మీవారికి చూపించకపోయారా? కళ్ళజోళ్ళ షాపు మనిషిని ఇంట్లో పెట్టుకుని ఈ అవస్థేంటి!” అంది లెక్కల టీచరు, డబ్బా మూత తీస్తూ.

“చూపిస్తాను,” అంది ఆమె.

“ఎలా ఉన్నారు? ఈమధ్య మాటే ఎత్తడం లేదు.”

“బాగానే ఉన్నారు.”

బాగానే ఉన్నారని చెప్పిన ఆ మనిషి పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. ఆ మనిషి ఆడమనిషి. ఈ రెండు సంగతుల్లో ఏదీ స్టాఫ్ రూములో ఎవరికీ తెలియదు.

ఆ మనిషి ఉన్నన్నాళ్ళూ ఆమె ఎవరితోనూ అబద్ధమాడలేదు. ‘మావారు’ అన్న మాట కలిసి బతికిన పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ ఆమె నోట రాలేదు. వ్యాకరణం చెప్పుకుని బతికే మనిషి. ఏ క్రియ ఎక్కడ గుట్టు విప్పుతుందో ఆమెకు తెలుసు. ‘వచ్చాడు’ అంటే మగవాడు, ‘వచ్చింది’ అంటే ఆడది, ‘వచ్చారు’ అంటే ఎవరైనా కావచ్చు. అందుకని పొద్దున్నే ఇంట్లో పోటీపడి గిన్నెలు తోమే మనిషిని, బడి గేటు దాటగానే బహువచనం చేసేది. వారికి జ్వరం. వారు ఊరెళ్ళారు. ఇవాళ వంట వారిదే. వినేవాళ్ళు మిగతాది వాళ్ళే పూరించుకున్నారు. “ఈ రోజుల్లో కూడా మొగుడికి ఇంత గౌరవమా! మేమైతే వాడూ వీడూ అనేస్తాం,” అని నవ్వేవారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే తను పడీ పడీ నవ్వేది. “అయితే నేను వంట చేసిపెట్టే మొగుణ్ణన్నమాట. మీ స్టాఫ్ రూములో సగంమంది కన్ను నా మీదే ఉండుంటుంది.” నవ్వి, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడేది కాదు. నవ్వుకన్నా ఆ కాసేపే ఆమెకిప్పుడు ఎక్కువగా గుర్తొస్తోంది.

తను పోయిన రోజు ఆమె బడికి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదంది. మర్నాడు ఆఫీసుకెళ్ళి, ఇంట్లోవాళ్ళు పోతే ఇచ్చే సెలవు ఫారం తీసుకుంది. ‘మృతులతో సంబంధం’ అన్న గడి దగ్గర కలం ఆగింది. స్నేహితురాలు అని రాస్తే కుదురుతుందా అని అడిగింది. గుమాస్తా తలెత్తకుండానే, “భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. అంతే మేడం. స్నేహితులక్కూడా ఇస్తే ఇక బడి నడిచినట్టే,” అన్నాడు. ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుని రెండో పీరియడుకు వెళ్ళింది. డిక్టేషన్ చెప్పింది. ఒక్క మాట కూడా తడబడలేదు.

ఆ వారంలోనే వదిన ఫోన్ చేసింది. “ఆ అమ్మాయి పోయిందటగా, పాపం. మరి ఆ గది ఖాళీయేగా. అత్తయ్యని నీ దగ్గరికి పంపిస్తాం. నీకు మాత్రం ఏముంది, పెళ్ళా పెటాకులా!” ఆ ఇంట్లో పడగ్గది ఒకటేనన్న సంగతి వదినకు పద్నాలుగేళ్ళుగా తట్టలేదో, తట్టినా తెలియనట్టే ఉందో.

లెక్కల టీచరు కళ్ళజోడు మాటెత్తిన రోజు సాయంత్రం, బడి వదిలాక వాగుడుకాయ వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఆమె పెట్టిన పేరే అది. ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల కోసం తిరుగుతోంది. ఖాళీ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుని ఒక కాగితం తీసింది.

“దరఖాస్తు మేడం. పుస్తకాలు వేసే సంస్థ. ఇంత దూరం ఎందుకు రావాలనుకుంటున్నారో రాయమన్నారు. కాస్త దిద్దిపెట్టండి.”

‘నా జీవితంలో ముఖ్యమైనవారు ఆ ఊళ్ళోనే పనిచేస్తున్నారు. నా చదువుకు వారే అండగా నిలిచారు...’ ఆమె కళ్ళజోడు ఎగదోసుకుని మళ్ళీ చదివింది. ప్రతి క్రియా ఎరిగినదే. అద్దంలో చూసుకున్నట్టుంది.

“ఎవరే ఈ వారు?”

వాగుడుకాయ మొట్టమొదటిసారి జవాబుకు తడుముకుంది. “అమ్మాయి మేడం. మీరే చెప్పారుగా, గౌరవ బహువచనంలో ఆడో మగో తేలదని. కిందటి ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. నవ్వుతూనే, కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా నడిచొస్తోంది.”

“వీళ్ళ నియమాల్లో ఏముంది?”

“ఎవరు ఎవరితో ఉన్నా ఉద్యోగానికి అడ్డు కాదనే ఉంది, ఆఖరి పేజీలో. సెలవులు కూడా జంటలన్నిటికీ ఒకటేనట. కానీ రూలు కాగితం మీద ఉంటుంది మేడం, కుర్చీలో మనిషుంటాడు. ఎక్కడా దొరక్కుండా చేసిపెట్టండి. మీకన్నా బాగా ఎవరు చేస్తారు?”

నిజమే, ఎవరూ చెయ్యలేరు. ఆమె ఎర్ర కలం తీసింది. చివరి వాక్యం దగ్గర ఆగింది: ‘నా కోసం వారు ఎంతగానో ఎదురు చూస్తోంది.’

“ఇక్కడ తప్పుంది.”

“అయ్యో! దిద్దెయ్యండి మేడం.”

కలం కదల్లేదు.

“దాచుకోవడం తప్పనను,” అంది ఆమె. “రేపు ఆ కుర్చీ ఎదురుగా కూర్చునేది నువ్వు, నేను కాదు. ఒక్క సంగతి విను. పద్నాలుగేళ్ళు ఒక్క క్రియ తప్పకుండా మాట్లాడాను. ఇప్పుడు తను పోయింది. పోయిందని చెప్పుకోవడానికి ఒక్క మనిషిని మిగుల్చుకోలేదు.”

వాగుడుకాయ బెంచీ మీంచి ముందుకు వంగింది. “ఎప్పుడు మేడం?”

“రెండు నెలలైంది.”

“రోజూ బడికొస్తూనే ఉన్నారా?”

“వస్తూనే ఉన్నాను.”

ఆ పిల్ల కాగితం మెల్లిగా తన వైపు లాక్కుంది. “ఆ తప్పు నేనే దిద్దుకుంటాను మేడం. ‘వారు’ తీసెయ్యాలో, ‘చూస్తోంది’ తీసెయ్యాలో... ఆలోచించుకుంటాను.”

మర్నాడు పొద్దున ఆమె సంచిలోంచి ఫారం తీసి, మడతలు చేత్తో సాపు చేసి, గడిలో ‘సహచరి’ అని రాసింది. గుమాస్తా తిప్పి పంపుతాడని తెలుసు. తిప్పి పంపడానికైనా ఆ మాట చదవాలి కదా.

“అదిగో, ఇంకా జారుతూనే ఉంది,” అంది లెక్కల టీచరు భోజనాల వేళ. “మీవారికి ఇంకా తీరిక దొరకలేదా ఏంటి?”

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“తను పోయింది.”

లెక్కల టీచరు చేతిలో చెంచా ఆగిపోయింది. “అయ్యో, ఎప్పుడు... ఎలా...” అని, ఆమె ముఖంలోకి చూసి, “పోయారు అనబోయి పోయింది అన్నారు... కంగారులో...” అంది.

“కంగారేం లేదు,” అంది ఆమె. “వ్యాకరణం సరిగానే ఉంది.”