నలభై రెండు దాటిన వీరేశం

వీరేశం పెదనాయిన నలభై రెండేండ్లకు గుండెనొప్పితో పోయిండు. నాయిన కూడా అదే ఈడుకు పల్లి చేన్ల కూలబడి మళ్ల లేవలేదు. దినాల నాడు చుట్టపాయన ఒకాయన బీడీ ఆర్పుకుంట అన్నడు: "గీ ఇంటి మగోళ్లకు నలభై రెండే రాసిపెట్టి ఉంది."

ఆ మాట అన్న చుట్టం ఊరు దాటకముందే దాన్ని మరిచిపోయి ఉంటడు. పదహారేండ్ల వీరేశం మరువలేదు.

పెద్దయినంక కొత్తకోటల హైవే పక్కన పంచర్ల షాపు పెట్టిండు. పని మంచిగనే నడిచింది. కానీ ఏది మొదలుపెట్టినా, ఇంకెన్నేండ్లు అన్న ఆలోచన ముందుకొచ్చి నిలబడేది. ఇంటికి స్లాబు పోసి, గోడలకు సున్నం ఎయ్యకుండనే ఇడిసిపెట్టిండు. అక్క అరుణమ్మ అడిగితే, "ఎవరుండేదుందక్కా?" అన్నడు.

తెలంగాణ వచ్చిన ఏడు అతనికి ముప్పై అయిదు. పక్క సందుల మిషన్ కుట్టే మమతకు వీరేశం అంటే ఇష్టం. ఆమె మొదటి పెండ్లి పెడాకులైంది. ఇక సిగ్గుపడేది ఏముందనుకుని ఒకనాడు షాపు కాడికొచ్చి, పెండ్లి చేసుకుంటవా అని సూటిగ అడిగింది. వీరేశం తలొంచుకుని తన ఇంటి సంగతి చెప్పిండు.

"అయితే ఇంకా ఏడేండ్లున్నయ్ గద," అన్నది మమత. "నా మొదటి మొగడు నూరేండ్లు బతికేటట్టే ఉన్నడు. ఆయనతోని ఏడు దినాలు సుఖపడలే. నాకు ఏడేండ్లు చాలు."

"నిన్ను ఆగం చెయ్యలేను మమతా."

"ఇప్పుడు చేస్తున్నది అదే గద."

ఏడాది చూసింది. తర్వాత ఆమెను ఇంటోళ్లు గద్వాలకు ఇచ్చి పెండ్లి చేసిన్రు.

నలభై రెండు రానే వచ్చింది. ఆ ఏడంత వీరేశం, తెల్లారి లేస్తనో లేదో అని, సాయంత్రం షాపు తాళంచెవి టీకొట్టు ఐలేశం చేతుల పెట్టి పోయేటోడు, పొద్దున మళ్ల తీసుకునేటోడు. ఎందుకని ఐలేశం అడగలే. నలభై మూడు నిండింది. భయం పోయింది గానీ దాని జాగల ఇంకేదీ రాలే.

ఎండకాలంల లారీ టైరు విప్పుకుంట కండ్లు తిరిగి పడితే, అరుణమ్మ పాలమూరు దవాఖానకు గుంజుకపోయింది. పరీక్షలన్నీ చేసి డాక్టరు కాయితాలు పక్కకు పెట్టిండు.

"గుండె గట్టిగుంది. తిండి సరిగ్గ తింటలేవు, గంతే. మీ నాయినకు షుగరో బీపీయో ఉండెనా?"

"తెల్వదు సార్. ఎన్నడు చూపించుకోలే."

"నువ్వన్న ఎప్పుడో వచ్చి చూపించుకోవాల్సింది. ఇన్నేండ్లు ఎందుకు రాలే?"

అరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, డాక్టరుకు దండం పెట్టింది. వీరేశం అంగీ గుండీలు పెట్టుకున్నడు. అతనికి ఎవరో పక్కింటాయన సంగతి విన్నట్టుంది. మంచిదే అనుకున్నడు.

తిరుగు బస్సుల కిటికీ కాడ కూసున్నడు. అరుణమ్మ మొఖం వెలిగిపోతాంది.

"పీడ పోయింది తమ్మీ. ఇప్పుడన్న నీకు నచ్చినట్టు బతుకు. ఏం జేస్తవో చెప్పు, నేనున్న."

వీరేశం నిజంగనే ఆలోచించిండు. ఏదన్న కావాలనుకునుడు ఎట్లుంటదో యాదికి తెచ్చుకోవాలని చూసిండు. బయట మొక్కజొన్న చేన్లు పోతున్నయ్.

"తెల్వదక్కా," అన్నడు.

కండక్టరు వస్తే అరుణమ్మే రెండు కొత్తకోట టిక్కెట్లు అడిగింది.