ఫకీర్ సాహెబ్ గొంతు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను కట్టిన సౌండు బాగాలేదని ఎవరన్నా అంటే ఇంకా ఎక్కువ. ప్రొద్దుటూరులో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. గుడికైనా, మసీదుకైనా, పెళ్లికైనా ఈ నాగేంద్రనే పిలుస్తారు. ఆ పొగరే పోయి పోయి ఫకీర్ సాహెబ్ గొంతు మీద పడింది.

ఆయన మా వీధి మసీదులో మౌజన్. ముప్పై ఏళ్లుగా ఐదు పూటలా అజాన్ ఇచ్చింది ఆయనే. చిన్నప్పుడు నేను బడికి లేచింది కూడా ఆ గొంతుకే. మొన్న ఎండాకాలంలో మసీదుకు కొత్త హారన్లు బిగించి, డీజే సెట్టుకు వాడిన నా పాత ప్రాసెసర్ ఒకటి దానికి తగిలించాను. లావు స్వరాన్ని ఒక స్పీకరుకు, సన్న స్వరాన్ని ఇంకోదానికి విడదీసి పంపడం దాని పని. దాన్నే మేం క్రాసోవర్ అంటాం. మసీదులో హారన్లు తప్ప వేరే స్పీకర్లు లేవు కాబట్టి, గొంతు మొత్తం వాటికే పోయేట్టు మార్చాను. ఫకీర్ సాహెబ్ అజాన్ ఇస్తే వీధి చివరి దాకా కంగుమంది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మురిపెంలో, మార్చినదాన్ని మిషన్‌లో సేవ్ చేయడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రమే కరెంటు పోయి వచ్చింది. మిషన్ పాత డీజే సెట్టింగుకు తిరిగిపోయింది. ఆయన గొంతులోని లావంతా అక్కడ లేనే లేని డీజే బాక్సులకు పోయింది. వీధికి వినబడింది మాత్రం రేకును గీకినట్టుండే సన్న శబ్దం.

కమిటీ పెద్ద నూరుల్లా హాజీ నన్ను పిలిపించాడు. పక్కనే నిలబడిన ఫకీర్ సాహెబ్, తప్పు మిషన్‌దా, తన గొంతుదా అని అడిగాడు. మిషన్ ఉన్న బీరువా రెండడుగుల దూరంలో ఉంది. తీసి చూసిన పాపాన పోలేదు. నా పనికే వంక పెడతారా అని ఒళ్లు మండింది.

"మిషన్ బంగారం మాదిరి ఉంది మామా. నీకే వయసైపోయింది" అన్నాను.

ఆయన నా మాట నమ్మాడు. నెల రోజులు మిరియాల కషాయం తాగాడు. కడపకు పోయి డాక్టరుకు గొంతు చూపించుకున్నాడు. చివరికి తనే తప్పుకుని, జమ్మలమడుగులో కూతురు ఆసియా ఇంటికి వెళ్లిపోయాడు.

కొత్త మౌజన్ షాహుల్ కుర్రవాడు. అతని మొదటి అజాన్ కూడా రేకును గీకినట్టే వినబడింది. పరుగెత్తి బీరువా తెరిచి చూస్తే, తెర మీద డీజే అని కనబడుతోంది. మళ్లీ మార్చి, ఈసారి సేవ్ చేశాను. ఎవరికీ చెప్పలేదు. మరుసటి పూట వీధంతా షాహుల్ గొంతును పొగిడింది. ముసలాయన పోయినాకే మసీదుకు కళ వచ్చిందని ఒకరు నాతోనే అన్నారు. నేను తలూపాను. ఛీ, అదీ ఒక తలేనా!

నెల రోజులు అన్నం సయించలేదు. ఇక తట్టుకోలేక, ఒక పొద్దున బండేసుకుని జమ్మలమడుగు పోయాను. ఇంటికి తాళం. ఆసియా కూతురు సనాకు కాన్పయిందని పక్కింటివాళ్లు చెబితే ఆస్పత్రికి వెళ్లాను. వరండాలో ఆసియా పసిగుడ్డును ఎత్తుకుని తండ్రిని బతిమాలుతోంది. పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ చెప్పాలి. ఆయన చెప్పనంటున్నాడు. మంచి గొంతున్న మనిషిని ఎవరినైనా పిలుచుకు రమ్మంటున్నాడు.

నన్ను చూసి, "నువ్వన్నా చెప్పు నాగేంద్రా. బిడ్డ వినే మొదటి మాట ఈ చెడిపోయిన గొంతుతోనా?" అన్నాడు.

"నీ గొంతు చెడిపోలే మామా" అన్నాను. "మిషన్ నేనే సరిగ్గా పెట్టలే. చూడకుండానే నీ వయసు మీదికి తోసినా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నెలైంది."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన బిడ్డను అందుకుని, పడమరకు తిరిగి, కుడి చెవి దగ్గర మెల్లగా అజాన్ మొదలుపెట్టాడు. చిన్నప్పుడు నన్ను లేపిన గొంతే. ఎక్కడా జీర లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

అయ్యాక బిడ్డను ఆసియాకు ఇచ్చి, "నాకు చెప్పినావు. నూరుల్లాకు?" అన్నాడు.

అక్కడే ఫోన్ చేశాను. ఫకీర్ సాహెబ్ వేలు చాపి స్పీకర్ నొక్కాడు. జరిగింది నోట్లోనే గొణిగాను.

"ఏంది నాగేంద్రా, సరిగ్గా వినబడలే. ఫోన్‌ది తప్పా?" అన్నాడు హాజీ.

ఫకీర్ సాహెబ్ నా మొహంలోకే చూస్తున్నాడు.

"లేదు హాజీ సాబ్" అన్నాను. "తప్పు నాది."