ముందు ఎదురుగాలి

ముప్పై ఏళ్ళు వంతెన గదిలో కూర్చుని కాలవ మీద పడవల్ని దాటించినవాణ్ణి నేను. అంటే, సైకిళ్ళని ఆపడం నా పని. మీట నొక్కితే గంట మోగేది, గేటు దిగేది, వంతెన లేచి ఆకాశంలోకి నిలబడేది. అటూ ఇటూ జనం ఒక కాలు నేల మీద ఆనించి నన్ను చూసి గొణుక్కునేవాళ్ళు. ఎవరెంత గొణిగితే నాకేం? చేతిలో కాఫీ, ఒళ్ళో పిల్లి. పని మానేశాక కూడా ఆ వంతెన నా కలల్లో లేస్తూనే ఉంది. దాని కింద నుంచి పడవలకి బదులు పొగమంచు వెళుతుంటుంది. గేటు ఎత్తాలన్న సంగతి మరిచిపోయి నేను అలా చూస్తూ ఉంటాను.

అన్నేళ్ళు కూర్చున్నవాడి ఒళ్ళు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మెట్లెక్కితే ఆయాసం, వంగి జోళ్ళు కట్టుకుంటే ఆయాసం. అయినా నాకు చింత లేదు. బ్యాటరీ సైకిలు ఉంది. పెడలు మీద కాలు పెడితే చాలు, అదే లాక్కుపోతుంది. ఊరంతా సైకిళ్ళ మీదే తిరిగే మా ఫ్రీస్‌లాండ్‌లో పుట్టినవాడికి సైకిలు గురించి ఒకరు చెప్పాలా అని మిడిసిపడేవాణ్ణి.

అలా ఉండగా నా భార్య హిస్కె కళ్ళు పాడవడం మొదలైంది. ఆమె చూపు మధ్యలోంచి పోతోంది. దేన్నయినా నేరుగా చూస్తే అక్కడ బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ కనబడదు. అంచులు మాత్రం మిగిలాయి. అందుకని కాఫీ కప్పు చూడాలంటే దీపం వైపు చూస్తుంది. నన్ను చూడాలంటే కిటికీ వైపు తిరుగుతుంది. కొత్తవాళ్ళు ఈవిడకి మనమంటే లెక్కలేదు కాబోలు అనుకుంటారు. నాకు అలవాటైపోయింది. మాట్లాడుతూ ఆమె మొహం పక్కకి తిప్పిందంటే నన్ను చూస్తోందన్నమాట. వెంటనే చొక్కా సర్దుకుంటాను.

ఆ చలికాలం కళ్ళ డాక్టరు చెప్పేసింది, అంచులు కూడా మెల్లగా పోతాయని. వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో చెప్పలేనంది. ఇంటికొచ్చే బస్సులో హిస్కె ఏడవలేదు. చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుని, ఒక్క మాట అంది.

"జూలైలో ఉప్పుబీడు చూడాలి."

మా సముద్రపు కట్టకి అవతల ఉప్పునీళ్ళు వచ్చిపోయే బీడు ఉంది. జూలైలో కొన్నాళ్ళు అది మొత్తం ఊదారంగు పూలతో నిండిపోతుంది. హిస్కె చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ప్రతి జూలైలో సైకిలు తొక్కుకుంటూ అక్కడికి వెళ్ళేది. నేను ఆమెని మొదట చూసిందీ ఆ కట్ట మీదే. రెండేళ్ళుగా ఒంటరిగా తొక్కలేక మానుకుంది.

"దానిదేముంది, కార్లో పోదాం," అన్నాను.

"కార్లో వద్దు. సంచీని మోసుకెళ్ళినట్టు నన్నెవరూ మోసుకెళ్ళక్కర్లేదు. నా కాళ్ళకేం రోగం? తొక్కుకుంటూ పోతాను. ముందు కూర్చునేవాడికి కళ్ళుంటే చాలు."

ఆమె అడుగుతున్నది ఇద్దరు తొక్కే సైకిలు. అది మా ఊళ్ళో ఒక్కడి దగ్గరే ఉంది. ఆ ఒక్కడూ యోరిత్!

యోరిత్ ఒకప్పుడు ఇసక పడవ నడిపేవాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా వంతెన మనిషికి భోజనం విరామం. పడవ రాజుగారిదైనా సరే ఆగాల్సిందే. వీడు సరిగ్గా పన్నెండు కొడుతుండగా వచ్చి బూర ఊదేవాడు. నేను కిటికీలోంచి కనబడేలా నిలబడి, రై రొట్టె మీద వెన్న నింపాదిగా రాసుకునేవాణ్ణి. వాడి తిట్లు నీళ్ళ మీదుగా నాకు వినబడేవి. అలాంటివాడి గుమ్మం తొక్కాలంటే మొహం చెల్లలేదు. అయినా వెళ్ళాను.

డెబ్బై దాటినవాడు పొద్దున్నే కాలవ గట్టున పరిగెత్తి వచ్చి, గుమ్మంలో వేడినీళ్ళు తాగుతున్నాడు. బక్కగా, నిటారుగా ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమోయ్ వంతెన దొరా, దారి తప్పావా?"

సంగతి చెప్పాను. కొట్టం వైపు చూశాడు. ఆ సైకిలు ఒకప్పుడు వాడూ వాళ్ళావిడా కలిసి తొక్కింది. ఆవిడ పోయాక కొట్టంలో పెట్టేశాడు.

"ఆ దీపస్తంభం దాకా పరిగెత్తు, చూద్దాం," అన్నాడు.

పరిగెత్తాను. స్తంభాన్ని పట్టుకుని వేలాడాను. కళ్ళ ముందు మిణుగురులు.

"బండి ఇస్తాను. నీకు కాదు, హిస్కెకి. ఆమె ముందు కూర్చునేది నువ్వా నేనా అన్నది జూలైలో తేలుద్దాం."

ఒళ్ళు మండిపోయింది. కానీ ఊపిరే లేదు, తిట్టడానికి ఏముంటుంది!

మా ఊరి డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె బాగానే ఉంది, దానికి పని చెప్పకపోవడమే నీ జబ్బు, నెమ్మదిగా మొదలుపెట్టు అంది. యోరిత్ నా సైకిలు బ్యాటరీ ఊడదీసి పట్టుకుపోయాడు. "జూలై దాకా ఇది నా దగ్గర తాకట్టు," అన్నాడు. ఒకరోజు పరుగు, ఒకరోజు సైకిలు, మధ్యలో ఒకరోజు కాళ్ళు చాపుకుని కూర్చోవడం. పరుగంటే ఒక స్తంభం దాకా పరిగెత్తి, తర్వాత రెండు స్తంభాలు నడవడం. అంతే.

"మాట్లాడుతూ పరిగెత్తు," అనేవాడు పక్కన తేలిగ్గా అడుగులేస్తూ. "మాట ఆగిందంటే జోరు ఎక్కువైందన్నమాట. తగ్గించు."

"నీతో మాట్లాడటానికి నాకేముందయ్యా?"

"లేకపోవడమేం? ఆ పన్నెండు గంటల సంగతి చెప్పు. నీ గడియారం ముందుకి తిప్పి పెట్టేవాడివా, లేదా?"

"తిప్పలేదు! నీ గడియారమే..." అక్కడికి ఊపిరి అందక నోరు మూతపడేది.

"చూశావా, తగ్గించు."

అలా పోట్లాడుకుంటూ మార్చి గడిచింది. పొగమంచులో గట్టు ఎక్కడ ముగిసి నీళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయో తెలిసేది కాదు. కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని చూస్తూ ఉండేది. గొర్రెల తలలు మంచులోంచి తేలి, మళ్ళీ మునిగిపోయేవి. నా ఊపిరి నా ముందు తెల్లగా నడిచేది. ఒక్కోసారి నేను పరిగెత్తుతున్నానా, ఎవరో నన్ను కలగంటున్నారా అనిపించేది. ఒకరోజు స్తంభం వచ్చేసినా నా తగువు పూర్తికాలేదు. చెప్పుకుంటూ రెండో స్తంభం కూడా దాటేశాను. ఇంటికొచ్చి హిస్కెకి చెప్పి చిన్నపిల్లాడిలా చంకలు గుద్దుకున్నాను.

ఏప్రిల్‌లో వాడు కూతుర్ని చూడ్డానికి పక్క ఊరు వెళుతూ, "సైకిలు తీస్తే ముందు ఎదురుగాలికి తొక్కు. వచ్చేటప్పుడు గాలే నిన్ను ఇంటికి తెస్తుంది," అని చెప్పిపోయాడు.

గాలి గురించి నాకు చెబుతాడా! మా దేశంలో నాలుగేళ్ళ పిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. తెలియకుండా పోయింది నాకే. ఏళ్ళ తరబడి బ్యాటరీ లాక్కుపోతుంటే గాలి ఎటు వీస్తే నాకేం అన్నట్టు బతికాను. బయటికొచ్చి ఉత్తరానికి, సముద్రం వైపు తిప్పాను.

ఎంత హాయి! పెడళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. గాలి సద్దే లేదు. పొలాలు మెత్తగా వెనక్కి జారుతున్నాయి, కాలవలో మబ్బులు నాతో సమంగా వస్తున్నాయి. చెవుల్లో గొలుసు చప్పుడొక్కటే, గుండె చప్పుడు అసలు లేదు. బాగుపడిపోయాను, ఇరవై ఏళ్ళవాణ్ణయిపోయాను అనుకున్నాను. చూస్తుండగానే సముద్రపు కట్ట వచ్చేసింది. గొర్రెల మధ్య కూర్చుని అతిమధురం బిళ్ళ చప్పరిస్తూ యోరిత్‌ని ఎలా దెబ్బతియ్యాలో ఆలోచించుకున్నాను.

లేచి ఇంటివైపు తిరిగాను. అప్పుడు తగిలింది గాలి, మొహాన చాచి కొట్టినట్టు. ఇందాకటి నుంచీ నన్ను మోసుకొచ్చింది ఇదే. కాసేపు తొక్కాను, కాసేపు నడిచాను, మళ్ళీ తొక్కాను. ఊరి చర్చి గోపురం కనబడుతోంది గానీ ఎంతకీ దగ్గరికి రాదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి సైకిలు గడ్డిలో పడేసి కూలబడ్డాను.

పక్క ఊరి నుంచి యోరిత్ సైకిలు మీద వచ్చాడు. హిస్కె ఫోను చేసిందట. తిడతాడని ఎదురుచూశాను. "లే," అన్నాడంతే. నేను సైకిలెక్కాక పక్కనే తొక్కుతూ, అరచెయ్యి నా వీపు మీద ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు. ఎదురుగాలికి అలిసిపోయిన పిల్లల్ని మా వైపు తండ్రులు అలా తోస్తారు. అరవైనాలుగేళ్ళవాణ్ణి, నన్ను డెబ్బై దాటినవాడు ఇంటిదాకా తోసుకొచ్చాడు. దారిలో ఒక్క వెటకారం లేదు. వెటకారం చేసినా బాగుండేది.

గేటు దగ్గర హిస్కె నిలబడి ఉంది, మొహం కంచె మొక్కల వైపు తిప్పుకుని. అంటే నన్నే చూస్తోంది. వీపు మీద ఆ చెయ్యితో సహా చూసింది. ఆమె చూపు ఆ ఒక్క పూటకి లేకపోతే బాగుండుననుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే చెంపలేసుకోవాలనిపించింది.

"గాలిని మరిచిపోయావా?" అంది లోపలికొచ్చాక.

"మరిచిపోయాను."

"పోనీలే రిన్సె. ముందు యోరిత్ కూర్చుంటాడు. నీకేమన్నా అయితే ఆ పూలు చూసి నేనేం చేసుకోను?"

"నువ్వు మాత్రం ఆ మాట అనకు!" గట్టిగానే అరిచాను. "నిన్ను అక్కడ మొదట చూసింది నేను. ఆఖరిసారి కూడా..." ఆఖరిసారి అన్న మాట నోరుజారేసరికి ఇద్దరం గతుక్కుమన్నాం. హిస్కె తడుముకుంటూ వచ్చి నా తడి చొక్కా గుండీలు విప్పింది. చక్కెర రొట్టె కోసి పెట్టింది.

ఆ తర్వాత రోజూ గుమ్మంలో ముందు గాలిని అడిగేవాణ్ణి. ఎటునుంచి వస్తే అటే వెళ్ళేవాణ్ణి. తేలిక గేరులో, మెల్లగా, నాలో నేను మాట్లాడుకుంటూ. జూన్ నాటికి చర్చి దాకా పరిగెత్తి తిరిగొస్తూ కూడా యోరిత్‌తో ఆగకుండా తగువాడగలిగాను. వాడి గడియారమే తప్పని తేల్చేశాను కూడా. ఆ రోజు వాడు ఇంటికెళ్ళి, కొట్టం తెరిచి, ఆ బండి బయటికి తీశాడు. ముందు సీటుని నా ఎత్తుకి దించాడు.

జూలైలో ఓ పొద్దున బయలుదేరాం. గాలి ఉత్తరం నుంచి, నేరుగా సముద్రం మీద నుంచి వస్తోంది.

"మంచిదే," అన్నాడు యోరిత్ చక్రాలకి గాలి కొడుతూ. "పన్నెండయిందని మధ్యలో ఆపి రొట్టె తింటావేమో, హిస్కె ఊరుకోదు."

నేను ముందు, ఆమె వెనక. ఈ బండికి ఇద్దరి పెడళ్ళూ ఒకే గొలుసుతో కలిసి తిరుగుతాయి. ఏ మలుపు వస్తోందో, ఏ పొలంలో ఆవులున్నాయో చెబుతూ తొక్కాను. మాట వస్తోందంటే జోరు సరిపోయినట్టే. వెనక నుంచి ఆమె, "మబ్బుల్లో తొక్కుతున్నట్టుందయ్యా," అంటోంది. నాకూ అలాగే ఉంది. రోడ్డు పలచని వెలుగులోకి పోయి కరిగిపోతోంది, మేం దాన్ని పట్టుకోవడానికి వెళుతున్నాం.

కట్ట దగ్గరపడ్డాక గాలి పెరిగింది. నా మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. వీపు మీద అరచెయ్యి తగిలింది.

"వెనక కూర్చుని తోస్తే బండి ముందుకి పోదే పిచ్చిదానా," అన్నాను రొప్పుతూ.

"తొయ్యడం లేదు. నీ గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తున్నాను. కాళ్ళు వదిలెయ్యి కాసేపు."

వదిలేశాను. బండి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా పాదాలు పెడళ్ళతో పాటు వాటంతటవే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎదురుగాలిలో, పట్టుదలగా, నా వెనకావిడ ఇద్దరి బరువూ తొక్కుకుపోతోంది. నాకు ఏడుపొచ్చింది. గాలి మొహానికి కొడుతోంది కాబట్టి సరిపోయింది. ఊపిరి కుదురుకున్నాక మళ్ళీ కాళ్ళు కలిపాను. ఇద్దరం కలిసి చివరిదాకా తొక్కాం.

కట్ట ఎక్కాం. అవతల కనుచూపు మేరా ఊదారంగు. ఎక్కడ పూలు ఆగి ఎక్కడ నీళ్ళు మొదలవుతున్నాయో, నీళ్ళు ఆగి ఎక్కడ ఆకాశం మొదలవుతుందో తెలియడం లేదు. హిస్కె నా పక్కన నిలబడి కాసేపు మొహం ఎత్తి ఆకాశం వైపు చూసింది. తర్వాత మెల్లగా తల దించి, నేరుగా ఆ పూలకేసి తిరిగి అలాగే ఉండిపోయింది.

నాకు కంగారు పుట్టింది. "అలా నేరుగా చూడకు, నీకు కనబడవు. ఇందాకట్లా పైకి చూడు, పూలు కనబడతాయి."

"పూలు చూసేశాను," అంది, మొహం తిప్పకుండానే. "నువ్వు కదలకుండా నిలబడు."

చెమట కారుతున్న మొహంతో, చొక్కా కూడా సర్దుకోకుండా, కదలకుండా నిలబడ్డాను.