రెండు మిల్లీమీటర్లు

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె మొగుడి నోట విన్న మెప్పు ఒక్కటే. "కదలకుండా పడుకోవడంలో మా ఆవిడ తర్వాతే ఎవరైనా."

ఆయన మెదడు మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. ప్రయోగానికి మనుషులు కావాలి. బయటివాళ్ళు అరగంటకే మెడ నొప్పంటారు, దగ్గుతారు, రెండోసారి పిలిస్తే రారు. అందుకని మూడేళ్ళుగా, వంటా గిన్నెలూ ముగించుకొచ్చి, జడలో పిన్నులూ చెవిపోగులూ తీసి డబ్బాలో వేసి, ఆమే ఆ స్కానింగ్ గొట్టంలో దూరుతోంది.

లోపల అద్దంలో నలుపూ తెలుపూ చారలున్న బిళ్ళ కనబడుతుంది. చారలు ఒకసారి కుడికి వాలతాయి, ఒకసారి ఎడమకి. వాటిని పట్టించుకోకూడదు, నడుమనున్న చుక్క రంగు మారినప్పుడల్లా మీట నొక్కాలి. చారలు ఎటు వాలాయో తల వెనక భాగంలో నెత్తురు పారే తీరు చూసి కంప్యూటరు చెప్పేస్తుందట. భోజనానికొచ్చిన స్నేహితుల ముందు ఆయన, "మా ఆవిడ ఏం చూస్తోందో ఆవిడ చెప్పక్కర్లేదు, నేనే చెప్పేస్తా" అంటే అందరూ పకపకా నవ్వారు. వడ్డిస్తూ ఆమె కూడా నవ్వింది. మనసులోది దేవుడొక్కడికే తెలుస్తుందని నమ్మి పెరిగిన మనిషి. మర్నాడు దణ్ణం పెట్టుకుంటూ, "స్వామీ, మరి ఈయనకి తెలిసేదేమిటి?" అని అడిగింది.

నడుం పట్టేసిందని ఓ పూట కూర్చుంటే అత్తగారు, "పడుకోడానిక్కూడా ఒళ్ళునొప్పులేనా తల్లీ! మేం నిలబడి చచ్చాం" అనేది.

కిందటి నెల అమ్మ పోయింది. నాలుగో రోజున మెషీను ఖాళీ దొరికింది. "మళ్ళీ నెలదాకా దొరకదు. గంటన్నరేగా, నీకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడాయన. గొట్టంలో చారలు వాలుతూనే ఉన్నాయి. కన్నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి కారాయి. తుడుచుకోకూడదు. వెక్కిళ్ళు రాకుండా పళ్ళు బిగపట్టింది. మీట మాత్రం ఒక్కసారీ తప్పలేదు. బయటికి రాగానే ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు: "రెండు మిల్లీమీటర్లు కదిలావు. పూటంతా దండగ."

ఆ పూటకి బదులుగా ఇవాళ మళ్ళీ తీసుకొచ్చాడు. కొత్తగా చేరిన సహాయకురాలు అంగీకారపత్రం పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఇంట్లో మనిషికి అవన్నీ ఎందుకమ్మా, సంతకం పెట్టించెయ్" అన్నాడాయన.

"రూలు మారింది సార్. చదివి వినిపించాలి." ఆ పిల్ల గడగడా చదువుకుపోయింది. "ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా మానుకోవచ్చు. ఇంతవరకూ మీ నుంచి తీసుకున్న వివరాలన్నీ చెరిపేయమని కోరవచ్చు."

"ఆ ముక్క మళ్ళీ చదువమ్మా" అంది ఆమె.

ఈసారి మెల్లగా చదివింది.

ఇప్పటికి ఆమె గొట్టంలో పడుకున్నవి ఇరవైమూడు పూటలు. ఆయన పరిశోధనంతా ముగ్గురి తలల మీద నిలబడి ఉంది. మిగతా ఇద్దరివీ కలిపినా ఆమెవాటిలో సగం కావు. వచ్చే నెల అచ్చుకి పంపాలి. అన్నీ ఆమెకు తెలుసు. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో కూడా తెలుసు.

"చెరిపేయండి" అంది. "అన్నీ."

ఆయన నవ్వబోయి ఆగాడు. "ఏంటీ వేళాకోళం? మూడేళ్ళ పని! ఏమైంది నీకు? కారణం చెప్పు. ముందు నాకు కారణం చెప్పు!"

అలవాటు కొద్దీ ఆమె నోరు తెరిచింది, అమ్మ సంగతి చెప్పడానికి, తప్పయిందని ఒప్పుకోవడానికి. సహాయకురాలు కాగితం మీద వేలు పెట్టి, తలెత్తకుండా అంది:

"అది అడక్కూడదు సార్."