వాసన లేదు

సీసా మూత తీసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్కసారే పీల్చింది. గోడసందులో ఎలుక చచ్చి మూడు రోజులైన కంపు. దాని వెనకే మురుగు, కుళ్ళిన గుడ్డు. వాసనమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తి బయటికి కక్కేసింది.

నీటి సరఫరా కార్యాలయంలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఇదే. కుళాయి నీళ్ళు గోరువెచ్చగా కాచి వాసన చూడటం, పుస్తకంలో ‘వాసన లేదు’ అని రాయటం. అసలు పేరుతో ఎవరూ పిలవరు.

ఆ ముక్కు ఆమెను సుఖంగా బతకనివ్వలేదు. పెళ్ళి విందుల్లో ముద్ద దిగేది కాదు. బస్సులో పక్కవాడి చెమట సాయంత్రం దాకా వెంట వచ్చేది. ఆరేళ్ళ కిందట భర్త ఊపిరిలో తియ్యగా ఏదో మురిగిన వాసన పసిగట్టింది. పరీక్షల కాగితాలు ఏమీ లేదన్నాయి. ఆమె కాగితాలనే నమ్మింది. మూడు నెలలకు ఆయన పోయాడు.

సీసా పట్టుకుని అధికారి గదికి వెళ్ళింది.

“ఈ నీళ్ళు ఆపించండి సార్. ఇవి వచ్చిన వీధినిండా పసిపిల్లలున్నారు.”

ఆయన యంత్రమిచ్చిన కాగితం తిరగేశాడు. “అంకెలన్నీ బాగున్నాయమ్మా. అయినా వాసన నీళ్ళలో ఉండదు, ముక్కులో ఉంటుంది. చూసే ముక్కే లేకపోతే వాసనెక్కడిది?”

“ముక్కు మూసుకుంటే ఆగేది నా ఊపిరి సార్. కంపు ఎక్కడికీ పోదు. నేను పుట్టకపోయినా ఈ నీళ్ళు ఇలాగే కొడతాయి.”

“కొలతకు అందిందే ఉన్నట్టు. మిగతాదంతా మీ ఊహ.”

“అయితే తాగండి.” గ్లాసులో వంపి ముందు పెట్టింది.

ఆయన నవ్వి గ్లాసెత్తాడు. పెదాలకు తాకించే ముందు ఊపిరి బిగబట్టాడు. ముక్కుపుటాలు అతుక్కుపోవటం, మెడ నరం లేవటం ఆమె చూస్తూనే ఉంది. గటగటా తాగి, మీసం తుడుచుకుని, “ఏమీ లేదు” అన్నాడు.

నీళ్ళకంటే ఆ ముఖం చూస్తేనే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది. తన బల్ల దగ్గరికి వచ్చి పుస్తకంలో ‘శవం కంపు’ అని రాసి సంతకం పెట్టింది.

పని మానేసి తన గది తాళంచెవులు అప్పగిద్దామని మళ్ళీ వెళితే గదిలో ఆయన లేడు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. తాళంచెవులు ఆయన బల్ల మీద పడేసి, ఆ వీధిలో ఇంటింటి తలుపూ తట్టి చెప్పడానికి బయల్దేరింది. ఇక ఆ కార్యాలయం గడప తొక్కలేదు.

బల్ల మీద గ్లాసు మిగిలింది. అడుగున ఒక్క గుక్క వదిలేసి, పైన అట్టముక్క మూతపెట్టి వెళ్ళాడాయన.