ముల్లు ఎందుకు దిగింది

మందపాటి గాజు అవతల, కరిగిన ఉప్పులో కరెంటు పారుతోంది. వాడేసిన అణు ఇంధనంలోని యురేనియం కరిగి, ఒక కడ్డీకి పట్టుకుంటోంది. వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుందని వదిన లెక్కగట్టింది. ఇవాళ అది నిలబడకపోతే ఆ లెక్కను చెత్తబుట్టలో వేస్తానని పెద్దింజనీరు ముందే చెప్పాడు.

మీటరు ముల్లు మాత్రం మెల్లగా దిగుతోంది.

“ఏం చేద్దాం వదినా?” గాజు అవతలి మరచేతులను నడిపే మరిది అడిగాడు.

వదిన ముల్లు వైపే చూసింది. కడ్డీ మీద లోహం కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు గీకెయ్యడానికి ఒక బ్లేడు ఉంటుంది. అది గీకకపోతేనే కొమ్మలు గోడకు దగ్గరై ముల్లు ఇలా దిగాలి; వదిన లెక్క బ్లేడు పని చేస్తుంటేనే నిలుస్తుంది. కొమ్మ ఉప్పున్న పాత్ర గోడను తాకిందా, పనంతా మట్టికొట్టుకుపోతుంది.

“నిజం చెప్పు. బ్లేడు దించావా?”

మరిది మరచేతుల పిడి వదిలేశాడు. “పొద్దున బిగుసుకుపోతుంటే పైకెత్తా. మళ్లీ దించడం మర్చిపోయా.”

ఆమె చటుక్కున కరెంటు ఆపింది. మరిది మరచేతులతో కడ్డీని పైకి తీశాడు. ఒక కొమ్మ ఇంకాస్త పెరిగి ఉంటే గోడను తాకేదే.

అప్పుడే వచ్చిన పెద్దింజనీరు మొహం చిట్లించాడు. “లెక్క తప్పిందిగా అమ్మా?”

వదిన మీటరు వైపు తిరిగింది. ఇంటి మనిషిని నలుగురిలో ఎలా పట్టిస్తుంది?

మరిదే ముందుకొచ్చాడు. “తప్పింది లెక్క కాదు, నేను సార్. బ్లేడు మర్చిపోయా. నేను చెప్పకముందే వదిన ముల్లు చూసే పట్టేసింది!”

పెద్దింజనీరు కడ్డీని కాసేపు చూశాడు. “బ్లేడు దించి మళ్లీ మొదలెట్టండి. ఆవిడ లెక్క ప్రకారమే.”